తివాచీకీ తివాచీకీ మధ్య

ఆ శుక్రవారం పొద్దున టాంటా ఊరి శనగల వర్తకుడు షఫీక్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఒక జత డంబెల్స్, వ్యాయామశాల గురువు చెప్పిన ఒక్క ముక్క, సాయంత్రం కాఫీ కొట్టులో ఫతూహ్‌తో ఆడవలసిన పాచికల పందెం. పోయినసారి ఓడిపోయాడు. ఈసారి గెలిచి తీరాలి.

అడ్డు ఒక్కటే, తివాచీలు. ఎండలు ముదరగానే ఆ వీధిలో ప్రతి ఇంటా వాటిని చుట్టి డాబా మీదికి మోస్తారు. మోయడం మగవాళ్ల పని. దులపడం ఆడవాళ్ల పని. ముందుగా దులిపేది మొగుళ్లని.

"లేవండి హాజీ," అంది భార్య ఇన్షిరాహ్.

"కుదరదు. వ్యాయామంలో సెట్టుకీ సెట్టుకీ మధ్య విశ్రాంతిలో ఉన్నాను," అన్నాడు షఫీక్ సోఫాలోంచి.

"మొదటి సెట్టు ఎప్పుడు చేశారు?"

"నిన్న. బలమంతా విశ్రాంతిలోనే ఉందని మా గురువు చెప్పాడు."

ఆమె తిట్టలేదు. అతను భయపడవలసింది అక్కడే. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నిజమా? ఎంత ఆగితే ఎంత బలమొస్తుందో చూద్దాం, ఎత్తండి."

షఫీక్ హుషారుగా డంబెల్స్ పదిసార్లు ఎత్తాడు. ఊపిరి తీసుకోకుండా మళ్లీ ఎత్తమంది. ఆరోసారికే దించేశాడు. ఈసారి టీ ఇచ్చి, తాగేదాకా ఆగమంది. పదీ పూర్తయ్యాయి.

"చెయ్యి అదే, బరువు అదే," అంది ఆశ్చర్యంగా. "టీ మహిమ కాదు కదా?"

"విశ్రాంతి మహిమ," అన్నాడు కండ తడుముకుంటూ.

"మరి పోయినేడు రెండో తివాచీకే నడుము పోయిందని పడుకున్నారే?"

"మధ్యలో నువ్వు ఆగనిస్తేగా."

అనేశాక తెలిసింది, బేరం కుదిరిపోయిందని.

"తప్పు నాదే," అంది ఇన్షిరాహ్ వినయంగా. "ఇవాళ ఆగనిస్తాను."

మెట్ల మలుపులో కుర్చీ వేసింది. తివాచీ మోయడం, టీ తాగడం, ఇంకో తివాచీ మోయడం. మూలుగుదామని నోరు తెరిస్తే చాలు, గ్లాసు అందేది. పై వాటా నజాఫా ఈ వింత చూసి తన తివాచీలూ చుట్టి పట్టుకొచ్చింది.

"మీ ఆయనకి అలుపు రాదటగా?"

"మధ్యమధ్య కూర్చోబెడితే రాదమ్మా."

"ఇంకాసేపు ఆగాలేమో," అన్నాడు షఫీక్ ఆశగా.

"ఒక్క టీ తాగేంత చాలని పొద్దున మీ చెయ్యే చెప్పిందిగా," అంది ఇన్షిరాహ్.

ఆఖరి తివాచీ డాబా ఎక్కేసరికి పొద్దు వాలింది. కింద కాఫీ కొట్టులో ఫతూహ్ పాచికలు సర్దుకుని వెళ్లిపోతున్నాడు.

చివరికి తేలిన లెక్క: పందెం ఆడకుండానే పోయింది. రెండిళ్ల తివాచీలు ఎండకెక్కాయి. నడుము మాత్రం ఇసుమంతైనా నొప్పి పెట్టలేదు. షఫీక్‌ని నిజంగా కుంగదీసింది అదే. వచ్చే ఏడాదికి చెప్పుకోవడానికి సాకు కూడా మిగల్లేదు.