గాదెయ్యగారి మంచుఎలుకల పథకం

ఒక పెద్ద అడవిలో, అన్ని పెద్ద అడవుల్లో ఉన్నట్టే, చెట్ల కంటే సంఘాలు ఎక్కువ. ఎలుకలకూ ఒక సంఘం ఉంది. దాని అధ్యక్షుడు గాదెయ్య అనే పందికొక్కు. ఎలుకల సంఘానికి పందికొక్కు అధ్యక్షుడేమిటని మీరు అడగొచ్చు. ఎలుకలూ అడిగాయి. "నేనూ మీలో ఒకణ్ణే, కాకపోతే కాస్త ఒళ్ళు చేశాను," అన్నాడు గాదెయ్య. ఆ ఒళ్ళు ఎవరి గింజలతో చేశాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ అడవిలోనే కొండమ్మ అనే కొండచిలువ ఉండేది. నెలకొకసారి వేటకు దిగుతుంది, కడుపు నిండితే మళ్ళీ కదలదు. ఆ ఒక్క పూట కోసం ఎలుకల పేట నెలంతా వణికేది. పోయిన వేటలో చుంచమ్మ అనే ముసలి ఎలుకకు ఉన్న ఒక్క కొడుకూ పోయాడు. "మనవరాలైనా నాకు దక్కుతుందా గాదెయ్యా?" అంటూ ఆవిడ రోజూ వచ్చి అతని గుమ్మంలో కూర్చునేది.

ఆవిణ్ణి చూస్తే గాదెయ్యకు జాలేసేది. అబద్ధం ఎందుకు, నిజంగానే వేసేది. దాంతోపాటు వచ్చే ఎన్నికలు కూడా గుర్తొచ్చేవి.

చివరికి ఓ పథకం తట్టింది. కొండ మీద ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే మంచుగుహ ఒకటుంది. ముసలితనంతోనో, వరదలోనో పోయిన ఎలుకలను అందులో దాచాలి. కొండమ్మకు ఆకలేసినప్పుడు తీసి, కరిగించి, వేడినీటి ఊటలో వెచ్చబెట్టి వడ్డించాలి. ఆవిడ వేట మానుకోవాలి.

సంఘం సభలో చుంచమ్మ లేచింది. "మన పోయినవాళ్ళని మనమే వడ్డించాలా?"

"పోయినవాళ్ళు ఎలాగూ పోయారు పిన్నీ. ఉన్నవాళ్ళకి అక్కరకొస్తే వాళ్ళకీ పుణ్యమే కదా."

"అయితే రేపు నువ్వు పోయినా ఆ గుహకేనా?"

గాదెయ్య గొంతు సవరించుకున్నాడు. అధ్యక్షుడి మాట వేరన్నాడు. అధ్యక్షులవారి దేహం ఎట్టి పరిస్థితుల్లోనూ మంచుగుహకు వెళ్ళరాదని అక్కడికక్కడే తీర్మానం చేయించాడు. ఎలుకలు చప్పట్లు కొట్టాయి. అలవాటు మరి.

ఆ పైన అడవి కార్యదర్శి జంబులయ్యను వెంటబెట్టుకుని కొండమ్మ దగ్గరికి వెళ్ళాడు. జంబులయ్య నక్క అని వేరే చెప్పాలా?

కొండమ్మ అంతా తాపీగా వింది. "నాకేం అభ్యంతరం లేదు నాయనా. వేటాడే ఓపిక నాకూ తగ్గింది. కానీ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. నాకు చూపు అంతంతమాత్రం. పెదవి మీది గుంటలకు వెచ్చదనం తగిలితేనే అది తిండని తెలుస్తుంది. చల్లగా ఉంటే రాయీ ఎలుకా నాకొకటే. ఇక రెండోది, అది కదలాలి."

"అంతేగా. ఘనంగా ఏర్పాటు చేస్తాం," అన్నాడు జంబులయ్య.

"ఘనంగా వద్దు. వెచ్చగా చెయ్యండి చాలు."

గాదెయ్య ఆ మాట వినలేదు. వేదిక ఎటువైపు కడితే బాగుంటుందా అని చూస్తున్నాడు.

మాఘమాసం చలిలో ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. ముందురోజే గుహలో తవ్వి ఒక లావాటి ఎలుకను బయటికి తీశారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో అడవి ఆనాడు కళ్ళారా చూసింది. దాన్ని నీడలో ఉంచి నెమ్మదిగా కరగనిచ్చారు. పొద్దున్నే ఊటలో ముంచి, లోపలిదాకా వెచ్చబడ్డాక తీసి తుడిచారు. ఇంతవరకూ పని నీటికుక్కలది కాబట్టి సవ్యంగానే జరిగింది. అక్కణ్ణించి అది పెద్దల చేతుల్లో పడింది.

పెద్దలు ఎలుకకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, అందరికీ కనబడేలా మోదుగాకు మీద వేదిక మధ్యలో పడుకోబెట్టారు. పక్కన ధ్యానప్ప అనే కొంగ నిలబడ్డాడు. ఆయన ముక్కే పట్టకారు. ఎలుకను తోకతో పట్టుకుని కొండమ్మ ముందు ఆడించడం ఆయన బాధ్యత.

కొండమ్మ నెల ఆకలితో వచ్చి వేదిక ముందు చుట్ట చుట్టుకుంది. "వెచ్చగానే ఉంది. పెట్టెయ్యండి."

"ఒక్క నిమిషం అమ్మా, ముఖ్య అతిథిగారు దారిలో ఉన్నారు," అన్నాడు జంబులయ్య.

ముఖ్య అతిథి ఏనుగుగారు. పొద్దున రావలసినవాడు పొద్దువాలాక వచ్చాడు. వచ్చి తన తాతగారి గురించి మాట్లాడాడు. ఎలుగుబంటి ఏనుగుగారి గురించి మాట్లాడాడు. జంబులయ్య అందరి గురించీ మాట్లాడి, మరిచిపోయినవాళ్ళ కోసం మళ్ళీ లేచాడు. కొండగాలి కోసేస్తోంది. ఆకు మీద ఎలుక మళ్ళీ చల్లబడి బిగుసుకుపోయింది.

"ఇంకోసారి ఊటలో ముంచి తెస్తాం," అంది ఒక నీటికుక్క.

"పసుపు కడుక్కుపోతుంది," అన్నాడు జంబులయ్య.

"నాయనా, అక్కడ నాకేమీ తగలడం లేదు," అంది కొండమ్మ.

"అయిపోవచ్చిందమ్మా. అధ్యక్షులవారివి రెండు ముక్కలు, అంతే."

గాదెయ్య లేచాడు. ధ్యానప్ప ఎలుక తోకను ముక్కున కరుచుకుని సిద్ధమయ్యాడు. ముందు వరుసలో చుంచమ్మ మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. అది చూసేసరికి గాదెయ్యకు తన జాతి మీద నిజమైన ప్రేమ పొంగుకొచ్చింది. ప్రేమ పొంగితే అతనికి ఒళ్ళు వేడెక్కుతుంది, చేతులు ఆగవు. మాట్లాడుతూ మాట్లాడుతూ వేదిక అంచు దాకా వచ్చేశాడు. చెయ్యి ఇటు ఊపాడు, అటు ఊపాడు, రొమ్ము చరుచుకున్నాడు.

కొండమ్మ తల ఆకు వైపు నుంచి అతని వైపు తిరిగింది. ధ్యానప్ప చూశాడు. చెబుదామంటే నోరు తెరవాలి, తెరిస్తే ప్రభుత్వ సొత్తు కిందపడుతుంది. క్రమశిక్షణ గలవాడు గనుక ఊరుకున్నాడు.

కొండమ్మ తల మెల్లగా పైకి లేవడం గాదెయ్య కూడా చూశాడు. తన మాటలకు పాము సైతం కరిగిపోతోందని మురిసిపోయాడు.

"నా జాతి కోసం ప్రాణమైనా ఇస్తాను," అన్నాడు. ఇచ్చాడు.

ముందుగా తేరుకున్నవాడు జంబులయ్యే. "పథకం ప్రారంభమైనట్టు ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను," అన్నాడు. ఏనుగుగారు చప్పట్లు కొట్టాడు.

కొండమ్మకు అప్పటికే మగత కమ్ముకొస్తోంది. "మంచుదన్నారు, ఎంత తాజాగా ఉందీ. కదలిక కూడా బాగా పెట్టారు. ఘనంగానే చేశారు నాయనా," అని సోలిపోయింది.

అధ్యక్షులవారి దేహం మంచుగుహకు వెళ్ళలేదు. ఎలుకల సంఘం చరిత్రలో తు.చ. తప్పకుండా అమలైన తీర్మానం అదొక్కటే.

సంతాపసభలో చుంచమ్మే మొదట మాట్లాడింది. కొడుకు పోయాక ఆవిడ కంటినిండా నిద్రపోయింది ఆ వారమే. "పథకం మంచిదే. మధ్యలో ఆ గుహా, ఊటా, కొంగా ఎందుకు? నెలకో అధ్యక్షుణ్ణి ఎన్నుకుందాం. లావుగా ఉండాలి, చేతులూపుతూ మాట్లాడాలి."

ఎవరు నిలబడతారులే అని ఎలుకలు బెంగపడ్డాయి. అనవసరంగా పడ్డాయి. పదవి ఖాళీ అయిందని తెలిసి ముగ్గురు పందికొక్కులు అప్పటికే దండలు తెప్పించుకున్నారు. పోలింగు నాడు ఎలుకలు పిల్లాజెల్లాతో తెల్లారకముందే వరుస కట్టాయి. చుంచమ్మ మనవరాల్ని ఎత్తుకుని అన్నిటికంటే ముందు నిలబడింది.

ఇందులో నీతి వెతికేవారికి: వేడివేడిగా ప్రసంగించదలచినవాడు ముందు వరుసలోవాళ్ళు భోంచేశారో లేదో కనుక్కుని మరీ లేవాలి.