నలభై తలల నిబంధన

చిన్న సినిమాలను కంటికి రెప్పలా కాపాడుకోవడంలో ఆ ఊరిని మించిన ఊరు లేదని ముందుగా మనవి. అక్కడి సినీ పరిశ్రమ ఇందుకోసం ప్రత్యేకంగా ఒక సంరక్షణ సంఘాన్నే నెలకొల్పింది. దానికి ఒక అధ్యక్షుడు, పదిహేడుగురు ఉపాధ్యక్షులు. అందరూ చిన్న సినిమా అంటే ప్రాణం పెట్టేవారే. చూస్తే ఆ ప్రేమకు ఏమైనా అవుతుందేమోనని మాత్రం ఎవరూ చూసేవారు కాదు.

ఇంతటి అభిమానం తన కోసం కాచుకుని ఉందని దర్శకురాలికి తెలియదు. ఆవిడ పన్నెండేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతోంది. నెత్తుటి మరక చన్నీళ్లకు పోతుందని, వేడినీళ్లు తగిలితే మొండికేస్తుందని తెలిసిన మనిషి. అలాంటి చేతులను తెర మీద ఎవరూ చూపించడం లేదే, మనమే చూపిద్దామనుకుంది. సెలవు రోజుల్లో, అరువు కెమెరాతో, తోటి పనివాళ్లనే పెట్టి నాలుగేళ్లు తీసింది. ప్రధాన పాత్ర వాళ్లక్కది. ముక్కూ మొహం తెలియని జనం కొందరు కూర్చుని, చివరిదాకా చూస్తే చాలు. అంతకు మించి ఆవిడ ఏమీ కోరలేదు.

కాళ్లరిగేలా తిరిగాక ఒక థియేటర్ మేనేజరు శుక్రవారం ఉదయం ఆట ఇచ్చాడు. ఇంటర్వెల్ గంట కొట్టేసరికి లోపల నలభై తలలుండాలి. ఉంటే సినిమా వారం ఆడుతుంది, లేకపోతే ఆ గంటతోనే సరి.

"మా లాండ్రీ వాళ్లందర్నీ తీసుకొస్తానండీ," అంది దర్శకురాలు.

"తెర మీద కనిపించే తలలు లెక్కలోకి రావమ్మా. చుట్టాలవీ రావు, నీదీ రాదు, మా స్టాఫువీ రావు. రూలంటే రూలే కదా!"

ఈ సంగతి సంఘం చెవిన పడింది. అధ్యక్షుడు స్వయంగా లాండ్రీకి విచ్చేసి, ఆరేసిన దుప్పట్ల ముందు నిలబడి ఫొటో దిగాడు. "నువ్వేం కంగారుపడకమ్మా, నీ వెనక మేమున్నాం," అన్నాడు. ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకు ఒక పెద్దమనిషి పలకరించాడని నిజంగానే పొంగిపోయింది, పాపం.

మర్నాడే మద్దతు కార్యక్రమం మొదలైంది. పోస్టరు మీద అధ్యక్షుడి బొమ్మ వేశారు. ఉపాధ్యక్షులు చిన్నబుచ్చుకోవడంతో వాళ్లవీ వేశారు. పదిహేడో బొమ్మకు చోటు చాలక సినిమా పేరు తీసేశారు. ఎవరూ గమనించలేదు కాబట్టి అదొక సమస్య కాలేదు.

ప్రేక్షకులు మాత్రం తక్కువ తిన్నారా? కార్లకు, స్కూటర్లకు మద్దతు స్టిక్కర్లు వెలిశాయి. ఒక లెక్చరరుగారు, ఈ సినిమా తన కళ్లు తెరిపించిందని విడుదలకు మూడు రోజుల ముందే ఫోనులో రాసి ఊరంతా పంపాడు. రెండో సగం కాస్త సాగదీశారని ఆయన వదినగారు దానికి జవాబిచ్చింది. ఈ విషయమై ఇద్దరికీ మాటలు లేవు.

శుక్రవారం ఉదయం థియేటర్ ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. వరండాలో ఒక బల్ల వేసి, 'ఈ చిత్రాన్ని తప్పక చూస్తాను' అన్న ప్రతిజ్ఞ మీద సంతకాలు తీసుకుంటున్నారు. వరుస వీధి మలుపు దాటింది. సంతకం పెట్టినవాళ్లు ఒక మంచి పని చేశామన్న తృప్తితో, అధ్యక్షుడి ఉపన్యాసం వినడానికి నిలబడ్డారు.

"ఈ సినిమా మన బాధ్యత! మనం చూడకపోతే ఎవరు చూస్తారు? హాళ్లు ఖాళీగా ఉంటున్నాయంటే మనమంతా సిగ్గుతో తలలు దించుకోవాలి!"

అందరూ ఒక్కసారిగా తలలు దించుకున్నారు. మేనేజరు లెక్కపెట్టాడు. మూడువందల పన్నెండు. అయితే అవన్నీ బయటున్నాయి.

లోపల తలుపు వైపే చూస్తూ కూర్చున్న దర్శకురాలు ఇక ఉండబట్టలేక పరుగెత్తుకొచ్చింది. "అయ్యా, ఆట మొదలై చాలాసేపయిందండీ. ఒక్క నలభైమంది లోపలికి..."

"కాస్త ఆగమ్మా, నీ గురించే మాట్లాడుతున్నాం!"

గంట కొట్టేశారు. లోపల దొరికింది ఒకటే తల. అది చీపురు పక్కన పెట్టి వెనక వరుసలో కూర్చున్న, హాలు ఊడ్చే ఆవిడది. స్టాఫు తల కనుక కొట్టివేశారు. సినిమా ఎత్తేశారు.

ఆదివారం అదే హాల్లో, 'ఇంత మంచి సినిమాను ఎందుకు బతికించుకోలేకపోయాం?' అనే అంశంపై సంతాప సభ జరిగింది. హౌస్‌ఫుల్. వేదిక మీద దర్శకురాలికి వేయడానికి కుర్చీ మిగల్లేదు. నిండిన కుర్చీలను చూస్తుంటే ఆవిడకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా ప్రొజెక్టర్ గదికి వెళ్లింది.

"వేసెయ్యనామ్మా?" అన్నాడు ఆపరేటరు, ఆవిడ మొహం చూసి.

"వెయ్యన్నా."

దీపాలు ఆరాయి. మాట్లాడుతున్న అధ్యక్షుడి తెల్లచొక్కా మీద వాళ్లక్క చేతులు దుప్పటి పిండసాగాయి. "ఎవరో సభ చెడగొట్టడానికి సినిమా వేశారు!" అని ఒక ఉపాధ్యక్షుడు అరిచాడు. అయిదు నిమిషాల్లో హాలు ఖాళీ అయింది. చిన్న సినిమాకు జరిగిన ఈ ఘోర అవమానాన్ని ఖండిస్తూ వరండాలో ఏకగ్రీవంగా తీర్మానం చేశారు.

దర్శకురాలు కిందికి దిగి వచ్చేసరికి వెనక వరుసలో చీపురు పక్కన హాలు ఊడ్చే ఆవిడ ఉంది. తనూ పక్కనే కూర్చుంది. ఇద్దరూ చివరిదాకా చూశారు.

దీపాలు వెలిగాక ఊడ్చే ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొన్న సగంలో ఆపేశారమ్మా. ఆ పెద్దావిడ ఏమైపోతుందోనని రెండు రోజుల్నించీ నాకదే బెంగ. ఇంతకీ ఈ సినిమా పేరేంటి?"

పోస్టరు మీంచి తీసేశాక ఆ మాట అడిగిన మొదటి మనిషి ఈవిడే. దర్శకురాలు కళ్లు తుడుచుకుని పేరు చెప్పింది.

ఆ పేరు ఇక్కడ రాయలేదేమని మీకిప్పుడు కోపం రావచ్చు. ఇంతసేపూ మీరూ అడగలేదు కదండీ.