గడియ అడిగిన పాపానికి

సోమవారం పొద్దున్న హెడ్మిస్ట్రెస్ పెర్సిస్ పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటికి ప్రేయర్ బెల్లు కొట్టేలోగా ఆడపిల్లల బాత్రూముకి తలుపు బిగించాలి. దానికి ఒక వడ్రంగి, ఒక తలుపు, ఒక అరగంట ఉంటే చాలు. ఉద్యమం అక్కర్లేదు.

మండవల్లి దాటాక కొల్లేటి గట్టున ఉన్న ఆ హైస్కూల్లో తలుపులు ఎక్కువకాలం బతకవు. చెమ్మకి పాత తలుపు కిందినుంచి మెత్తబడి జూన్ నెలలో ఊడి పడింది. అప్పట్నుంచి ఒక పిల్ల లోపలికి వెళితే ఇద్దరు చున్నీ అడ్డం పట్టుకుని నిలబడుతున్నారు. ఎనిమిదో తరగతిలో ఫస్టు వచ్చే సాయిదుర్గ ఆ సిగ్గు పడలేక బడిలో ఉన్నంతసేపూ మంచినీళ్లు తాగడమే మానేసి, రెండుసార్లు జ్వరంతో ఆస్పత్రి పాలైంది. దాని నాయనమ్మ వెంకటనరసమ్మ శుక్రవారం బడికి వచ్చి తెగేసి చెప్పింది.

"సోమవారం మజ్జాన్నం వొచ్చి చూస్తానండీ మేడంగారూ. తలుపుంటే పిల్ల మీది. లేదంటే రొయ్యల షెడ్డులో పనికి పెట్టేస్తాను. అక్కడ బాత్రూముకి తలుపుందంటండీ."

పెర్సిస్ అప్పటికప్పుడు పాస్టరుగారిని అడిగి, చర్చిలో మూలనపడ్డ పాత బెంచీలు తెచ్చింది. వడ్రంగి తాతాజీ మనవరాలు కూడా ఆ బడిలోనే ఏడో తరగతి. అందుకని కూలి మాటెత్తకుండా రాత్రికి రాత్రి కూర్చుని తలుపు చేసేశాడు. గడియ ఒక్కటే తక్కువైంది. ఎవరైనా ఇప్పించకపోతారా అని పెర్సిస్ శనివారం పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో "ఆడపిల్లల బాత్రూము తలుపుకి గడియ ఒకటి కావాలండీ" అని పెట్టింది.

గడియ ఇస్తానన్నవాడు ఒక్కడూ లేడు. ముప్ఫై రెండు మంది దండం బొమ్మలు పెట్టారు. నలుగురు "సిగ్గుచేటు" అన్నారు. ఒకాయన మెసేజి సగం చదివి, తలుపే లేదట అనుకుని, ఏలూరులో ఉన్న లక్ష్మీకాంతంగారికి చేరవేశాడు. లక్ష్మీకాంతంగారు విద్యా హక్కుల సాధన సమితికి అధ్యక్షులు. పన్నెండేళ్లలో ఆ సమితి ఏం సాధించిందో ఎవరికీ తెలియదు గానీ, అధ్యక్షుణ్ని మాత్రం బాగానే సాధించింది. ఆయన మనవలు చదివే స్కూలు బస్సుకి కూడా ఏసీ ఉంటుంది.

సోమవారం ఎనిమిదిన్నరకి తాతాజీ రిక్షా మీద తలుపు వేసుకుని గేట్లోకి వచ్చాడు. వెనకాలే రెండు కార్లు వచ్చాయి. ముందు కారు పైన వెదురు చట్రానికి బిగించిన ఫ్లెక్సీ ఉంది. అందులో నిలువెత్తు లక్ష్మీకాంతంగారు చేతులు జోడించి నవ్వుతున్నారు. కింద ఎర్రక్షరాలతో "తలుపు బిగించేదాకా ఇక్కణ్నుంచి కదలం!" అని ఉంది.

లక్ష్మీకాంతంగారు కారు దిగుతూనే తలుపుని చూసి, పాముని చూసినట్టు ఆగిపోయారు.

"ఇదేంటమ్మా?"

"తలుపండీ."

"ఇప్పుడెందుకండీ తెచ్చారు? తలుపు కోసం ఇవాళ మహాధర్నా. తలుపు ఉంటే ధర్నా ఎందుకు చెయ్యాలి మేం?"

"మానెయ్యండి" అంది పెర్సిస్.

"అంత మాట అనకండమ్మా. విజయవాడ నించి చానెల్ వాళ్లు బయల్దేరిపోయారు. విద్యాశాఖ అధికారిగారు పదకొండింటికి వస్తున్నారు. బాత్రూముకి కుళాయి కావాలని మీరు రెండేళ్లుగా అడుగుతున్నారంట కదా? అదీ ఇప్పించేస్తాను. ఒక్క రెండు గంటలు తలుపుని కనపడకుండా ఉంచండి చాలు."

కుళాయి అనేసరికి పెర్సిస్ మెత్తబడింది. వెంకటనరసమ్మ వచ్చేది మధ్యాహ్నం కదా, ఈలోపు ఈ తతంగం అయిపోతుందనుకుంది. ఎంత తెలివైనవాళ్లైనా ఏడాదికొకసారి ఇలాంటి పొరపాటు చేస్తారు. తాతాజీ గొణుక్కుంటూ తలుపుని వంటషెడ్డు వెనకాల పెట్టాడు.

పది గంటలకి తాడేపల్లిగూడెం శాఖ వ్యానులో దిగింది. శాఖాధ్యక్షుడు నాగేశ్వరరావుగారు నాలుగు పక్కలా చూసి మొహం మాడ్చుకున్నారు. నాయకులు పద్నాలుగు మంది, కుర్చీలు ఆరు. కింద చూస్తే రాత్రి వానకి కాలు దిగబడే బురద.

"గూడెం శాఖని బురదలో నిలబెట్టడానికా అండీ పిలిచారు? వేదిక లేదా?"

వేదిక వెతకడానికి కార్యకర్తలు బయల్దేరారు. వంటషెడ్డు వెనకాల వాళ్లకి నిక్షేపంలాంటి చెక్క దొరికింది. దాన్ని రెండు బెంచీల మీద ఆనించి, పైన పట్టా పరిచి, బాత్రూము ఎదురుగా వేదిక కట్టేశారు.

"ఏవండీ, అది తలుపండీ!" అంటూ పరిగెత్తుకొచ్చింది పెర్సిస్.

"అవగానే తుడిచి ఇచ్చేస్తామమ్మా. పిల్లల కోసమే కదండీ ఇదంతా!" అన్నారు లక్ష్మీకాంతంగారు ఎక్కి కూర్చుంటూ.

ఆ పిల్లలకి కర్రలకి బిగించిన నినాదాల అట్టలు చేతికిచ్చి, బడి మెట్ల మీద ఎండలో వరసల్లో కూర్చోబెట్టారు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఏలూరు శాఖ అరగంట మాట్లాడింది కాబట్టి గూడెం శాఖ ముప్పావుగంట మాట్లాడింది. చానెల్ వాళ్లు వచ్చి కెమెరాని సరిగ్గా తలుపులేని బాత్రూము మీదికి తిప్పి నిలబెట్టారు. దాంతో అప్పటిదాకా చున్నీ అడ్డుతోనైనా వెళ్లగలిగిన పిల్లలకి ఆ దారీ మూసుకుపోయింది. ఆడపిల్లల ఆత్మగౌరవం గురించి మైకు దద్దరిల్లుతుంటే, ముందు వరసలో సాయిదుర్గ పెదాలు బిగబట్టుకుని, "మా ఆత్మగౌరవం" అని రాసున్న అట్టని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెర్సిస్ రెండుసార్లు మైకు దగ్గరికి వెళ్లింది. రెండుసార్లూ ఆవిడకి శాలువా కప్పి వెనక్కి పంపారు.

పదకొండింటికి వస్తానన్న అధికారిగారు పన్నెండున్నరకి వచ్చారు. ఆయన వెనకాలే వెంకటనరసమ్మ కూడా వచ్చింది. అధికారిని చూడగానే పద్నాలుగు మందీ కెమెరాలో పడడానికి ఒకేసారి వేదిక మీద లేచి నిలబడ్డారు.

"తలుపు కావాలి!" అని అరిచారు లక్ష్మీకాంతంగారు.

అధికారిగారు అయోమయంగా పెర్సిస్ వైపు తిరిగారు. "తలుపు చేయించానని శనివారం మీరే ఫోన్ చేశారు కదండీ?"

"అబద్ధమండీ! ఈ బళ్లో తలుపన్నదే లేదు!" అన్నారు లక్ష్మీకాంతంగారు మైకులో.

"మేడంగారూ, ఏదండీ తలుపు?" అని నిలదీసింది వెంకటనరసమ్మ.

"ఆ పెద్దమనుషుల కాళ్ల కింద ఉందండీ" అంది పెర్సిస్.

వెంకటనరసమ్మ చరచరా వెళ్లి పట్టా కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. చర్చి బెంచీల చెక్క మెరుస్తూ బయటపడింది. దొంగతనం పట్టుబడ్డట్టయిన నాయకులు ఒకరి వెనక ఒకరు కెమెరాకి చాటవ్వాలని అందరూ మధ్యకి జరిగారు. ఆ చెక్క నలభై ఏళ్లపాటు భక్తుల్ని మోసింది గానీ, పద్నాలుగు మంది అధ్యక్ష, ఉపాధ్యక్ష, కార్యదర్శుల్ని మొయ్యడం దానివల్ల కాలేదు. ఫెళ్లుమంది. పదమూడు మంది బురదలో పడ్డారు. లక్ష్మీకాంతంగారి కుడికాలు మోకాలి పైదాకా తలుపులో దిగబడిపోయింది.

అంతలోనే ఆయన కెమెరా చూసి సర్దుకున్నారు.

"చూశారా? పిల్లలకి ఇంత నాసిరకం తలుపులా? విచారణ జరిపించాలి!"

"ఇప్పుడేగా తలుపు లేదన్నారు?" అన్నారు అధికారిగారు.

"లేదన్నది పొద్దుటి మాటండీ!"

తాతాజీ రంపం పట్టుకుని వచ్చి, తన తలుపు వంక ఓసారి, ఆ కాలు వంక ఓసారి చూశాడు. "మేడంగారూ, ఏది కొయ్యమంటారండీ?"

పెర్సిస్ దేవుడికి భయపడే మనిషి. అయినా జవాబు చెప్పడానికి ఆవిడకి కొంచెంసేపు పట్టింది.

తలుపు రెండు ముక్కలైంది. కుళాయి సంగతి రాసుకుంటానని చెప్పి అధికారిగారు వెళ్లిపోయారు. ఒంటిగంటకల్లా కార్లూ వ్యానూ వెళ్లిపోయాయి. తలుపు బిగించేదాకా కదలనన్నవాళ్లలో గేటు పక్కన పాతిన ఫ్లెక్సీ ఒక్కటే మిగిలింది.

వెంకటనరసమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. "పదవే. తలుపు లేదు. చెప్పాను కదండీ మేడంగారూ, నన్నేం అనకండి."

సాయిదుర్గ ఏడుస్తూ పుస్తకాల సంచీ తగిలించుకుంది. "ఒక్క పది నిమిషాలుండండి, మీకు పుణ్యం ఉంటుంది" అని పెర్సిస్ గేటు వైపు పరిగెత్తి, ఫ్లెక్సీని చట్రంతో సహా పీకి తాతాజీ చేతికిచ్చింది. తాతాజీ దాన్ని గుమ్మానికి నిలబెట్టాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. పాత తలుపు బందులకే దాన్ని బిగించి, అట్టల కర్ర ఒకటి విరిచి గడియలా అమర్చాడు.

వెంకటనరసమ్మ లోపలికి వెళ్లి, గడియ వేసుకుని, కాసేపుండి బయటికి వచ్చింది. "సందుల్లోంచి వెలుతురు కూడా రావట్లేదండీ. కానీ ఈయనగారు..."

"మొహం బయటికే పెట్టానమ్మా" అన్నాడు తాతాజీ.

ముసలావిడ మనవరాలి చెయ్యి వదిలేసింది. ఆ మధ్యాహ్నం సాయిదుర్గ బడిలో రెండు గ్లాసుల మంచినీళ్లు గటగటా తాగింది.

బుధవారం సాయంత్రం లక్ష్మీకాంతంగారు ఫోన్ చేశారు. ఆ బాత్రూము ఫోటో పూర్వ విద్యార్థుల గ్రూపులోంచి తిరిగి తిరిగి ఆయన వియ్యంకుడి దాకా వెళ్లిందట.

"ఏంటమ్మా ఇది? వెంటనే తీయించెయ్యండి!"

"ఎలా తియ్యమంటారండీ? తలుపు బిగించేదాకా కదలనని మీరే రాయించారు" అంది పెర్సిస్ ఎంతో మర్యాదగా.

గురువారం తెల్లవారుతూనే ఏలూరు నుంచి టేకు తలుపు వచ్చింది. వెంట కెమెరా లేదు, ఉపన్యాసం లేదు. డ్రైవరు దాన్ని దించి, ఫ్లెక్సీని చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తాతాజీ తలుపు బిగించి, అటూ ఇటూ తడిమి చూసి, పెర్సిస్‌ని పిలిచాడు.

తలుపుకి గడియ లేదు. ఈసారి ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.