రాజారావు గారి గ్రీన్ కర్రీ

టార్నీట్ పరిసరాల్లో నివసించే తెలుగువారికి శ్రీ రాజారావు గారిని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. పగలు ఒక బ్యాంకువారి కంప్యూటర్ విభాగంలో మేనేజరుగానూ, భోజన వేళల్లో వంటకాల విమర్శకుడిగానూ ఆయన అందిస్తున్న సేవలు సుప్రసిద్ధం. వంటింట్లో కాలు పెట్టకుండానే వంట మీద ఇంతటి పాండిత్యం సంపాదించినవారు మెల్‌బోర్న్ పడమటి దిక్కున మరొకరు లేరు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు మౌనం పాటించి, ఆ తరువాత తీర్పు వెలువరిస్తారు. సొంత ఇంట్లో మౌనం పాటించే మర్యాద అవసరం లేదు గనుక నేరుగా తీర్పే వస్తుంది: "ఉప్పు ఒక్క రవ్వ తగ్గిందోయ్." కాపురం పెట్టిన నాటి నుంచి ఈ వాక్యం వినబడని రోజు లేదు. కూర ఉప్పు కషాయమైన రోజున కూడా అలవాటు కొద్దీ అదే మాట అన్నారని గిట్టనివాళ్లు చెప్పుకుంటారు.

ఇంతటి విమర్శకుడికి రెండు పూటలా ముడిసరుకు సరఫరా చేస్తున్నవారు ఆయన సతీమణి శ్యామసుందరి గారు. ఆవిడ కూడా పగలంతా ఒక మందుల షాపులో ఉద్యోగం చేస్తారు. అయితే దాన్ని ఎవరూ ఉద్యోగంగా లెక్కించలేదు. సాయంత్రానికల్లా ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తున్నారు కదా!

ఈ ఏడాది పెళ్లిరోజుకు ఏం కావాలో కోరుకొమ్మని రాజారావు గారు ఉదారంగా వరమిచ్చారు. ఆవిడ నగ అడగలేదు, చీర అడగలేదు. "ఒక్క వారం పొయ్యి మొహం చూడకుండా ఉండాలని ఉందండీ. ఎవరైనా వండిపెడితే తినాలని ఉంది" అన్నారు. ఇంత చవకైన కోరికకు ఆయన పొంగిపోయి, కూతురు పింకీతో సహా ముగ్గురికీ ఉత్తరాన సముద్రతీరంలో ఉన్న కెయిర్న్స్‌కు విమానం టికెట్లు కొన్నారు. దూరదృష్టి గల మనిషి కాబట్టి పెట్టెలో ఒక చిన్న రైస్ కుక్కరు, సోనా మసూరి బియ్యం, కందిపొడి, ఆవకాయ సర్దించారు. సర్దింది ఎవరో వేరే చెప్పాలా?

హోటల్ గదిలో మొదటి రెండు రోజులూ శ్యామసుందరి గారే అన్నం పెట్టారు. అది వంట కిందికి రాదని, స్విచ్ నొక్కడం కిందికి వస్తుందని రాజారావు గారు వివరించారు. మూడో రోజు పొద్దున్నే ఆయన అసలు కానుక బయటపెట్టారు. అద్దెకారు ఒక వీధి చివర మామిడిచెట్ల కింద ఆగింది. ఎదురుగా చుట్టూ తెరిచి ఉన్న పెద్ద వరండాలాంటి వంటశాల, దాని మీద బోర్డు. థాయ్ వంట నేర్పబడును, మీ చేతులతో మీరే వండుకోవచ్చును అని ఆ బోర్డు సారాంశం.

శ్యామసుందరి గారు బోర్డును రెండుసార్లు చదివారు. "ఏవండీ, వంట నుంచి సెలవు కావాలంటే వంట క్లాసులో చేర్పించారా?"

"ఇది వంట కాదు సుందరీ, ఎక్స్‌పీరియన్స్! డబ్బులు కట్టి మరీ చేసేది వంటెలా అవుతుంది?"

ఈ తర్కానికి ఎదురు లేదు. ఆవిడ చాలా నెమ్మదిగా అన్నారు. "సరే. నేనొస్తాను, కూర్చుంటాను, తింటాను. గరిటె మాత్రం ముట్టను. ఆ ఎక్స్‌పీరియన్సేదో మీరే చెయ్యండి."

"ఛ, నేనేంటి..."

"దిస్ ఈజ్ గోయింగ్ టు బీ ఎపిక్, మమ్!" అంది వెనక సీట్లోంచి పింకీ. అప్పటికే దాని ఫోను కెమెరా తెరుచుకుని ఉంది.

క్లాసు నడిపే ఆవిడ పేరు నోయ్. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో పుట్టి, కెయిర్న్స్‌లో స్థిరపడిన మనిషి. ఆవిడ చిరునవ్వుతో మొదటి నియమం ప్రకటించింది: ఇంటికొక పొయ్యి, ఎవరు వండింది వాళ్లే తినాలి, వేరే భోజనం లేదు. తరువాత అందరినీ పరిచయం చేసుకోమంది. బల్లారట్ నుంచి వచ్చిన గ్రెగ్ దంపతులు తమకు వంట రాదని, నేర్చుకుందామని వచ్చామని సిగ్గులేకుండా ఒప్పుకున్నారు. ఇలాంటి బలహీనతలు మనవాళ్లకు ఉండవు. రాజారావు గారు లేచి గొంతు సవరించుకున్నారు. బల్ల మీద పేర్చిన దినుసులను ఒక్కొక్కటే చేత్తో ఎత్తి చూపిస్తూ ఇంగ్లీషులో ఆయన చేసిన ప్రసంగానికి తెలుగు ఇది:

"మిత్రులారా, మీరిక్కడ కొత్తగా చూస్తున్నవన్నీ మాకు పాతవే. అల్లంలా ఉన్న ఈ దుంప మా దుంపరాష్ట్రం. ఈ గడ్డి మా నిమ్మగడ్డి. ఈ బెల్లం మా తాటిబెల్లం. కొబ్బరిపాల సంగతి మా కోనసీమనడగండి. ఈ గుండ్రటి వంకాయలను చూస్తుంటే మా మేనత్త గుర్తొస్తోంది. మధ్యలో సముద్రం అడ్డొచ్చింది గానీ, లేకపోతే థాయ్‌లాండ్ మా తూర్పు గోదావరి జిల్లాలో ఒక మండలమై ఉండేది!"

గ్రెగ్ చప్పట్లు కొట్టాడు. నోయ్ ముఖం వెలిగిపోయింది. "అయితే మీకన్నీ తెలుసన్నమాట! మీరే మొదలుపెట్టండి" అని రాతిరోలు ఆయన ముందుకు జరిపి, పచ్చడిబండ చేతిలో పెట్టింది.

రాజారావు గారు బండ వైపు చూశారు. భార్య వైపు చూశారు. శ్యామసుందరి గారు స్టూలు మీద కూర్చుని కొబ్బరిబోండాంలో స్ట్రా వేసుకుని తాగుతున్నారు.

వంటకు ముందు ఒక ధర్మసందేహం తలెత్తింది. ఆ రోజు శనివారం. వేంకటేశ్వరస్వామి మొక్కు ప్రకారం రాజారావు గారు శనివారం నీచు ముట్టరు. నోయ్ ప్రతి పొయ్యి దగ్గరా ఫిష్ సాస్ సీసా పెట్టింది. అందులో చేప ఉందా అని ఆయన అడిగారు. ఉండేది, ఇప్పుడు కరిగిపోయింది అని ఆవిడ నిజాయితీగా చెప్పింది. ఆయన సీసాను వెలుతురుకెత్తి పట్టుకుని దీర్ఘంగా పరిశీలించి, ఇందులో ఉన్నది చేప కాదని, చేప తాలూకు జ్ఞాపకం మాత్రమేనని తీర్పు చెప్పబోతుండగా పింకీ, "డాడ్, ఇట్స్ లిటరల్లీ కాల్డ్ ఫిష్ సాస్" అంది. స్వామివారి అదృష్టం బాగుండి నోయ్ సోయా సాస్ తెచ్చిచ్చింది. చికెన్ బదులు టోఫు ఇచ్చింది.

ఇక గ్రీన్ కర్రీకి ముద్ద దంచడం. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, కొత్తిమీర వేళ్లు రోట్లో వేసి మెత్తటి ముద్ద చేయాలి. మన సంస్కృతిలో భాగమైన ఈ ప్రక్రియను రాజారావు గారు సుత్తితో మేకు కొట్టినట్లు ప్రారంభించారు. మొదటి దెబ్బకు ఒక మిరపకాయ గ్రెగ్ భార్య టోపీలో పడింది. రెండో దెబ్బకు రసం చింది ఆయన బుగ్గ మీద పడింది. దాన్ని తుడుచుకోబోయి అదే చేత్తో కన్ను నులుముకున్నారు. తరువాతి దృశ్యం పింకీ ఫోనులో భద్రంగా ఉంది. నోయ్ ఆయన్ని పంపు దగ్గరికి నడిపించుకెళ్లి కన్ను కడిగించింది. ఈలోగా ఆయన పొయ్యి మీద పెట్టి మరచిన మూకుడు ఎర్రగా కాలింది. తిరిగొచ్చిన రాజారావు గారు ఒంటికన్నుతో దూరం అంచనా వేసి, కొబ్బరిపాల మీగడ వేయకుండానే నలిగీ నలగని కారం ముద్దంతా అందులో వేసేశారు.

ఘాటు లేచింది. క్లాసు మొత్తం దగ్గుతూ పచ్చికలోకి పరుగెత్తింది. చెత్తబుట్ట దగ్గర నింపాదిగా తిరుగుతున్న ఐబిస్ కొంగలు కూడా ఎగిరిపోయాయి.

పచ్చికలో నిలబడి, కారుతున్న కళ్లతో, థాయ్ మిరపకాయల నాణ్యతలో లోపం ఉందని రాజారావు గారు ప్రకటించారు. "నో వర్రీస్, మేట్!" అని గ్రెగ్ దగ్గుతూనే ఆయన భుజం తట్టాడు. ఘాటు తగ్గాక నోయ్ మూకుడు కడిగి, కొత్త మిరపకాయలు రోటి పక్కన పెట్టి, "మళ్లీ మొదలు" అంది.

ఆయన దిగులుగా స్టూలు దగ్గరికి వచ్చారు. "సుందరీ, ఆకలేస్తోంది. నువ్వు ఒక్కసారి చెయ్యి వేస్తే అయిపోతుంది కదా. ఎవరూ ఏమీ అనుకోర్లే."

నోయ్ కూడా ఆవిడ వైపు ఆశగా చూసింది. గ్రెగ్ దంపతులు చూశారు. శ్యామసుందరి గారికీ ఆకలిగానే ఉంది. అంతకన్నా కష్టమేమిటంటే, ఆయన ఎక్కడ తప్పు చేయబోతున్నారో ఆవిడకు ముందే కనబడుతోంది. చెయ్యి దానంతటదే లేవబోయింది. ఆవిడ రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద గట్టిగా కూర్చున్నారు.

"మీరు చెయ్యండి. నాకేం తొందర లేదు" అన్నారు.

ఇక గత్యంతరం లేక రాజారావు గారు దంచారు. ఈసారి ప్రసంగం లేదు. చెమట కళ్లలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నారు. ముద్ద మెత్తబడ్డాక నోయ్ వేలితో తాకి చూసి తలూపింది. కొబ్బరి మీగడ మూకుట్లో వేసి, సన్నటి సెగ మీద కదుపుతూ, తొందరపడకుండా చూస్తూ ఉండమంది. ఆయన చూశారు. ఆఫీసులో కూడా ఇంత శ్రద్ధగా దేన్నీ చూడలేదు. కాసేపటికి తెల్లటి మీగడ విరిగి, అంచుల్లో నూనె మెరిసింది.

"సుందరీ! నూనె తేలిందే! చూడు, చూడు, నూనె తేలింది!"

తప్పిపోయిన బిడ్డ దొరికినట్లు అరిచారాయన. గ్రెగ్ తన గరిటె వదిలేసి వచ్చి చూశాడు. శ్యామసుందరి గారు కూడా లేచి వచ్చి మూకుట్లోకి తొంగి చూశారు. ఆ నూనెను ఆవిడ కొన్ని వేల సార్లు చూసి ఉంటారు. అయినా ఆయన ముఖం చూసి నవ్వొచ్చింది. "ఇప్పుడు ముద్ద వేయించండి" అని మాత్రం చెప్పి, వెళ్లి మళ్లీ కూర్చున్నారు.

కూర అయింది. వంకాయలు ఒకటి ఉడికి, ఒకటి ఉడకక, ప్రజాస్వామ్యబద్ధంగా ఉన్నాయి. అయినా వాసన బాగుంది. రాజారావు గారు స్వయంగా అన్నం పెట్టి, కూర వడ్డించి, భార్య ఎదురుగా నిలబడ్డారు. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఎదుటి మనిషి నములుతున్నంతసేపూ ఎదురుచూడటం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆయనకు అనుభవంలోకి వచ్చింది.

"బాగుందండీ, నిజంగా బాగుంది. ఉప్పు మాత్రం ఒక్క రవ్వ..."

రాజారావు గారి ముఖం వాడిపోయింది. "పొద్దుట్నించీ దంచి చచ్చాను. కన్ను పోయినంత పనైంది. బాగుందని అక్కడితో ఆపొచ్చుగా! ఆ ఉప్పు మాట ఇప్పుడు అవసరమా..."

మాట పూర్తి కాలేదు. ఆ వాక్యం ఎవరి రచనో ఆయనకు అక్కడే గుర్తొచ్చింది. పింకీ ఫోను పక్కన పెట్టేసి బల్ల మీద పడి నవ్వింది. శ్యామసుందరి గారు నవ్వలేదు, రెండోసారి కూర వడ్డించుకున్నారు. ఆయన తల వంచుకుని తిన్నారు. ఆ రోజు సాయంత్రం బీచి ఒడ్డున నడుస్తూ, "రేపట్నుంచి ఆ కుక్కరు నేనే పెడతాలే" అన్నారట. పెట్టారు కూడా.

టార్నీట్ తిరిగొచ్చాక ప్రతి ఆదివారం వంట బాధ్యత రాజారావు గారు తీసుకున్నారు. మొదటి ఆదివారం ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాడారు. తరువాతి ఆదివారం కొన్నిటిని కడిగారు. ఆ పైన పొయ్యి గట్టు కూడా తుడిచారు. శ్యామసుందరి గారు ఆదివారాల్లో నిద్ర తీరాక లేవడం మొదలుపెట్టారు. కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. కానీ వార్త తెలుగు సంఘానికి చేరింది.

సంఘం అత్యవసరంగా సమావేశమై, రాజారావు గారిని ఘనంగా సన్మానించాలని తీర్మానించింది. కమ్యూనిటీ హాలులో సభ. అధ్యక్షుడు రామచంద్ర గారు మైకు పుచ్చుకున్నారు. "మగవాడై పుట్టి, మేనేజరై ఉండి, అహంకారమన్నది లేకుండా వారానికి ఒక పూట, గమనించండి, ఒక పూట, కట్టుకున్న ఇల్లాలి కోసం గరిటె పట్టిన త్యాగమూర్తి! స్త్రీ జాతి ఈయనకు ఋణపడి ఉంది!" హాలు దద్దరిల్లింది. శాలువా కప్పారు. 'పాక సవ్యసాచి' బిరుదునిచ్చారు. మైకు అందుకున్న రాజారావు గారు తడబడుతూ, "ఇందులో ఏముందండీ, సుందరి రోజూ..." అనబోతే, ఇది ఆయన వినయమని అందరూ మరోసారి చప్పట్లు కొట్టారు.

సభానంతరం విందు. పులిహోర, గుత్తి వంకాయ, మజ్జిగ పులుసు, బొబ్బట్లు. ముందురోజు సాయంత్రం నుంచి వండినవారు కొందరు మహిళలు. వాళ్లు అప్పటికి వడ్డన బల్లల వెనుక నిలబడి ఉన్నారు గనుక సన్మానం చూడలేకపోయారు. శాలువా వాసన కూడా వాళ్ల దాకా రాలేదు.

వాళ్లలో ఒకరైన లలితకుమారి ఆంటీ గరిటె పట్టుకునే వచ్చి శ్యామసుందరి గారిని కావలించుకుంది. "ఎంత అదృష్టవంతురాలివే తల్లీ! ఏ నోము నోచావో! మా ఆయనకు నీళ్ల గ్లాసెక్కడుంటుందో కూడా తెలీదు." ఆ వెనకే మరొకరు వచ్చారు, ఇంకొకరు వచ్చారు. అదృష్టం, అదృష్టం అంటూ అందరూ ఆవిడ చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు.

పింకీ చాలాసేపు విని, ప్లేటు పట్టుకుని రామచంద్ర గారి దగ్గరికి వెళ్లింది. "అంకుల్, జస్ట్ ఆస్కింగ్. మమ్ రోజూ కుక్ చేస్తుంది కదా. డాడ్‌కి ఎవరైనా ఎప్పుడైనా యూ ఆర్ లక్కీ అని చెప్పారా?"

రామచంద్ర గారు బొబ్బట్టు మింగి, ఇది కార్యక్రమ వివరాల్లో లేని అంశం కావడం చేత చర్చించడానికి వీలుపడదని చెప్పారు. నెయ్యి ఇంకాస్త వేయమని ప్లేటు చాచారు.

పాఠకులు కూడా ఇక్కడిదాకా చదివి, ఏదేమైనా రాజారావు గారు మంచివారేనని మనసులో ఒక శాలువా కప్పే ఉంటారు. తప్పులేదు, కప్పండి. కానీ మీరింత తీరిగ్గా చదువుతుండగా మీ వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. మీరు తల ఎత్తలేదు. అయినా అది ఆగింది. వెళ్లి కట్టేసింది ఎవరో ఒకసారి చూసి రండి.