బానెట్ ఎత్తండి, మనుషులొస్తారు

ప్రతి ఇంటి ముందూ ఒక పాత కారు ఉండాలి. దానికి కార్బొరేటర్ ఉండాలి. స్టార్టు చేసి ఊరికే నిలబెడితే ఇంజన్ చలిజ్వరం వచ్చినట్టు వణకాలి. ఇవేవీ లేని ఇల్లు ఇల్లే కాదని నా గట్టి నమ్మకం!

నవ్వకండి. కొత్త కార్ల వాళ్ళను చూసి జాలిపడి చెబుతున్నాను. వాళ్ళ బండికి జబ్బు చేస్తే ఏమవుతుంది? కంపెనీ వాడొచ్చి దానికో వైరు గుచ్చుతాడు. చేతిలోని డబ్బా మీద ఏదో నంబరు పడుతుంది. అయిపోయింది! పలకరించేవాడు లేడు, సలహా చెప్పేవాడు లేడు. అదీ ఒక బతుకేనా?

నా సంగతి చూడండి. మా ఆయన పోతూ పోతూ నాకు వదిలిన కారు వయసులో నాకన్నా కాస్తే చిన్నది. వెనక సీటు పీకించేసి, నేను కుట్టిన దిండ్లూ గలీబులూ అందులో కుక్కుకుని లాడ్జిలకు ఇచ్చి వస్తుంటాను. అదే నా వ్యాపారం, అవే నా కాళ్ళు.

ఈమధ్య సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజన్ దడదడలాడిపోతోంది. ఒక్కోసారి అక్కడే ప్రాణం వదిలేస్తోంది. వెనక హారన్ల మోత! మేడ మీద ఉండే మా మరిది విని తేల్చేశాడు.

"దాన్ని వదిలించుకుందాం వదినా. ఆదివారం కొనే మనిషిని తీసుకొస్తాను."

కారు పోతే దిండ్లు నెత్తిన పెట్టుకుని తిరగాలి. అందుకే ఆదివారం లోపల బాగు చేయించుకుందామని వీధిలోకి తెచ్చి బానెట్ ఎత్తాను.

అంతే! పెళ్ళికి పిలిస్తే వంక చెప్పే జనం పిలవకుండా వచ్చేశారు. ఏ సినిమా హీరోకుంది ఈ ఆకర్షణ?

ముందు మా మరిది దిగాడు. బట్టల కొట్లో చీరలు మడతపెట్టే మనిషి, చేతికి స్క్రూడ్రైవర్ తగిలితే పెద్ద సర్జన్ అయిపోతాడు. కార్బొరేటర్ పక్కనున్న స్క్రూ బిగించాడు. తర్వాత పక్కింటి లెక్కల మాస్టారు వచ్చి, అదే స్క్రూ వదులు చేశారు.

"గాలికీ పెట్రోలుకీ ఒక నిష్పత్తి ఉంటుందమ్మా!"

"అయ్యో మాస్టారూ, అది ఇప్పుడే నేను బిగించాను!"

"తెలుసు నాయనా. అందుకేగా వదులు చేస్తున్నా!"

ప్రహరీ గోడ తగువు వచ్చినప్పటి నుంచి వీళ్ళిద్దరికీ మాటల్లేవు. అలాంటిది, ఒకే బానెట్ కింద రెండు తలలు పెట్టారు! ఏ పెద్దమనుషులు చేయగలిగారు ఈ రాజీ? పాడైన ఇంజన్ చేసింది. నేను మాత్రం వాళ్ళకు కాఫీల మీద కాఫీలు మోశాను. నాకూ వ్యాయామం దొరికింది. ఇది వరం కాదా?

ఆ తర్వాత మెకానిక్ వచ్చాడు. ప్లగ్గులు పీకి, గీకి, మళ్ళీ పెట్టాడు. కార్బొరేటర్ ఊడదీసి పెట్రోలుతో తానాలాడించాడు. ఇంజన్, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు బడిపిల్లల్లా బుద్ధిగా నడిచింది. అందరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నేను మొదటి సిగ్నల్ దాకా వెళ్ళాను. బ్రేకు మీద కాలేశాను. మళ్ళీ దడదడ!

తిరిగొచ్చి, అంతకు ముందు చెప్పిన మాటే మళ్ళీ చెప్పాను. "బ్రేకు నొక్కితేనే వణుకుతోందయ్యా. బ్రేకు కూడా రాయిలా బిగుసుకుపోతోంది."

"వదినా, బ్రేకులు చక్రాలకుంటాయి. ఇంజన్ ఇక్కడుంది. దానికీ దీనికీ ఏం సంబంధం చెప్పు?" అన్నాడు మరిది, చంటిపిల్లకు చెప్పినట్టు.

"నువ్వు కంగారుపడకమ్మా, మేమున్నాంగా," అన్నారు మాస్టారు, ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ.

"క్లచ్ సరిగ్గా తొక్కట్లేదేమో చూస్కోండమ్మా," అన్నాడు మెకానిక్.

చూశారా! ఫీజు లేకుండా ఈ వయసులో నాకు డ్రైవింగ్ పాఠాలు. ఎవరికి దక్కుతుంది ఈ అదృష్టం?

వాళ్ళ తప్పేం లేదండీ. చూసేవాళ్ళంతా బానెట్ దగ్గరే ఉంటారు. సీట్లో ఎవరూ ఉండరు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంటుంది కనుక కాలి బ్రేకు నొక్కే దిక్కు లేదు. మరి జబ్బు బయటపడేదెలా?

ఆదివారం వచ్చింది. ముగ్గురూ మళ్ళీ చేరారు. కొనే మనిషి బయలుదేరాడని ఫోను. ఇక మాటలతో పని కాదని, నేనే బానెట్ దగ్గర నిలబడ్డాను. టార్చి పట్టుకుని, కనుబొమలు ముడిచి, "ఊఁ... ఊఁ..." అన్నాను. వాళ్ళు అలాగే అంటారు మరి!

"నాయనా, నువ్వోసారి సీట్లో కూర్చో."

"నేనెందుకు వదినా?"

"నీలాంటి తెలిసిన మనిషి కూర్చుంటే తేడా తెలుస్తుందని."

కూర్చున్నాడు. స్టార్టు చేయమన్నాను. బ్రేకు నొక్కి పట్టమన్నాను. ఇంజన్ గజగజలాడింది. మాస్టారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. మా మరిది కిటికీలోంచి తల బయటపెట్టి ఒకటే కేక!

"మాస్టారూ! బ్రేకు నొక్కితేనే వణుకుతోంది! బ్రేకు కూడా రాయిలా ఉంది!"

"భలే పట్టావయ్యా!" అన్నారు మాస్టారు.

"ఈ ముక్క ముందే చెప్పొద్దా సార్!" అని మెకానిక్ నెత్తి కొట్టుకున్నాడు. "బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌కి ఇంజన్ నుంచే పైపు ఉంటుంది. దాన్లో రబ్బరు పొర చిరిగుంటుంది. తొక్కినప్పుడల్లా అందులోంచి ఇంజన్ గాలి లాగేస్తోంది. ఇక స్క్రూలెన్ని తిప్పితే ఏం లాభం?"

నేను చెబితే కంగారు. అతను చెబితే కనిపెట్టడం. మాటలు మాత్రం అవే! ఈలోగా ఆ రాయిలాంటి బ్రేకుతో ఏ లారీనో గుద్ది ఉంటే? "ఆడమనిషి కదా, బ్రేకెయ్యడం రాలేదు పాపం" అని ముగ్గురూ ఒక్క గొంతుతో చెప్పుకునేవాళ్ళు. ఆ విషయంలో మాత్రం ఏ తగువూ ఉండేది కాదు.

సాయంత్రానికి కొత్త బూస్టర్ పడింది. కొనే మనిషిని మా మరిది గుమ్మంలోనే ఆపేశాడు. "అమ్మేది లేదండీ. దీని జబ్బు నేనే కనిపెట్టాను, తెలుసా?" అవునంటూ గట్టిగా తలూపాను. కారు దక్కింది, ఇంకేం కావాలి?

మరో సంగతి. నిన్నటి నుంచి నా కుట్టుమిషన్‌లో దారం తెగిపోతోంది. ఎందుకో నాకు తెలుసు. చదువుతున్న మగవాళ్ళలో ఎవరైనా కాస్త తీరిగ్గా ఉంటే, దయచేసి వచ్చి దాని ముందు ఓసారి కూర్చోండి. ఏం చెప్పాలో నేను చెబుతాను.