మీరు పడుకోండి, ఫ్రైస్ మావారు చేస్తారు!

ఆడవాళ్ళ విశ్రాంతి గురించి సభలు పెట్టేవాళ్ళకూ, వ్యాసాలు రాసేవాళ్ళకూ నాదొక్కటే మనవి. ఇక ఆపండి. మందు దొరికింది! పెళ్ళయిన ఆడదానికి సంపూర్ణ విశ్రాంతి కావాలంటే, ఆమె భర్త ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో టాకో లోడెడ్ ఫ్రైస్ చేయాలి. అంతకు మించిన వరం ఈ భూమ్మీద లేదు.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

ఆ వంటకం తెలియనివారి కోసం రెండు ముక్కలు. టాకో అని ఒక మొక్కజొన్న రొట్టె ఉంది. దాన్ని మడతపెట్టి లోపల ఖీమా, బీన్స్, చీజ్, టమాటా ఉల్లిపాయల తరుగు, పుల్లటి క్రీమ్ వగైరా కూరుతారు. ఇప్పుడు ఆ రొట్టెను పక్కన పడేసి, లోపలి సరుకంతా కరకరలాడే దుంపల ఫ్రైస్ నెత్తిన కుమ్మరించాలి. ఇల్లు మారేటప్పుడు సామానంతా ఒకే మంచం మీద పడేస్తాం చూడండి, అలా ఉంటుంది చూడ్డానికి. తింటే మాత్రం బాగానే ఉంటుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక నా సంగతి. వారానికి ఆరు రోజులు నేను మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడతాను. "మొన్న తీసుకెళ్ళానే, ఆ తెల్ల మాత్ర ఇవ్వండి" అని అడిగేవాళ్ళతోనే నా జీవితం గడిచిపోతోంది. షాపులో తెల్లగా లేని మాత్ర వెతికితే గానీ దొరకదు! అందుకని ఆదివారం భోజనమయ్యాక తలుపు ఓరగా వేసి, ఫ్యాను పెట్టుకుని తీసే కునుకుంది చూశారూ, అది నా ప్రాణం. దాన్ని తలుచుకునే సోమవారం నుంచి శనివారం దాకా ఎవరినీ తిట్టకుండా బతుకుతున్నాను.

మావారికి ఆ సంగతి తెలుసు. మనసు వెన్న. ఉద్యోగం మాత్రం లిఫ్టుల తనిఖీ. ఏ లిఫ్టు ఎంత బరువు మోస్తుందో, ఏ తీగ ఎంత అరిగిందో చూసి సంతకం పెట్టే ఇన్‌స్పెక్టరు. అటువంటి మనిషికి ఫోన్‌లో ఒక గడ్డం కుర్రవాడు కనిపించి, చిటికెలో లోడెడ్ ఫ్రైస్ చేసి చూపించాడు. లోడ్ అన్న మాట చెవిన పడగానే మావారి కళ్ళు మెరిశాయి.

"ఇదిగో, ఇవాళ సాయంత్రం తిండి సంగతి నేను చూసుకుంటా. నువ్వు వంటగది వైపు కన్నెత్తి చూడకు. హాయిగా పడుకో, రెస్ట్ తీసుకో!" అన్నారు.

ఎంతమంది ఆడవాళ్ళ చెవులకు ఈ మాట వినే భాగ్యం ఉంటుంది? నిజంగా నా కళ్ళు చెమర్చాయి. మంచమెక్కాను.

అలా రెప్పలు వాలుతుండగా తలుపు కిర్రుమంది.

"పడుకున్నావా?"

చూశారా, ఎంత శ్రద్ధో! పడుకోమని చెప్పి చేతులు దులుపుకునే మనిషి కాదు. పడుకున్నానో లేదో లేపి మరీ తనిఖీ చేస్తారు.

"లేదు, చెప్పండి."

"ఏం లేదు, నువ్వు పడుకో. దుంపలెక్కడున్నాయి?"

"సింకు కింద, బుట్టలో."

"ఏ బుట్టలో?"

"దుంపలున్న బుట్టలోనండీ."

తలుపు మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. తరిగే చాకు ఏది? మూసుకుంది. తెరుచుకుంది. కారప్పొడి, ఎర్రగా ఉన్న ఇంకో పొడి, ఈ రెంటిలో ఏది కారం? మూసుకుంది. ఈసారి తలుపు తెరవకుండానే బయటినుంచి, "నిద్ర చెడగొట్టడం ఎందుకని ఇక్కణ్ణుంచే అడుగుతున్నా! జీలకర్ర పొడి అంటే జీలకర్రేనా?" అని కేక.

ఇందులో నాకు జరిగిన మేలు గమనించండి. వయసు పైబడితే జ్ఞాపకశక్తి తగ్గుతుందని అందరూ భయపడుతుంటారు. నాకు ఆ భయమే లేదు! కళ్ళు మూసుకుని, సగం నిద్రలో, చిల్లుల గరిటె ఏ సొరుగులో దేని కింద ఉందో చెప్పగలను. ఈ శిక్షణకు బయట బోలెడు ఫీజు కట్టాలి. మావారు ఉచితంగా ఇస్తున్నారు.

అంతలో ఆయన స్వయంగా వచ్చి మంచం పక్కన నిలబడ్డారు.

"చిన్న సాయం. నూనె కాస్తున్నా. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక రూలుంది. ప్రమాదం ఉన్న చోట ఒక్కడే పని చేయకూడదు. ఒకడు పని చేస్తుంటే ఇంకొకడు స్విచ్ దగ్గర నిలబడాలి. నువ్వేం చేయక్కర్లేదు. ఊరికే స్టవ్ నాబ్ మీద చెయ్యేసి నిలబడు. రెస్ట్ రెస్టే!"

"అది లిఫ్టులకు కదండీ?"

"నియమం నియమమే. లిఫ్టయితే ఒకటీ, నూనైతే ఒకటీనా?"

కాదనగలనా? ఇరవయ్యేళ్ళుగా ఇదే స్టవ్ దగ్గర ఒంటరిగా వేయించాను, వేపాను, మరిగించాను. నా నాబ్ దగ్గర నిలబడేవాళ్ళు లేకపోయినా ఎలా బతికి బట్టకట్టానో ఆ రోజే ఆశ్చర్యం వేసింది. వెళ్ళి నిలబడ్డాను. ఆరు రోజులు జీతం కోసం నిలబడతాను, ఏడో రోజు ప్రేమ కోసం నిలబడ్డాను. తేడా అంతా మనసులో ఉంటుంది. కాళ్ళకు ఆ సంగతి తెలియదు.

వంటగది చూస్తే ఇల్లు పీకి పందిరేసినట్టుంది. గడ్డం కుర్రవాడి వీడియోలో ప్రతి దినుసుకూ ఓ బుల్లి గిన్నె ఉంటుంది. అందుకని మా ఇంట్లోనూ ఉప్పుకో గిన్నె, కారానికో గిన్నె, వెల్లుల్లికో గిన్నె! ఇంట్లో గిన్నెలు అయిపోతే కాఫీ కప్పులు, అవీ అయిపోతే మా అమ్మాయి చిన్నప్పటి పాలగిన్నె.

"ఉప్పు డబ్బాలోంచి నేరుగా వేస్తే ఏమవుతుందండీ?"

"ప్రొఫెషనల్‌గా ఉండదు."

ఆ కుర్రవాడి గిన్నెలు ఎవరు తోముతారో వీడియోలో ఎక్కడా చూపించలేదు. చూపించి ఉంటే అది చిటికెలో అయిపోయే వీడియో ఎందుకవుతుంది?

దుంపలు తరగడం మావారే చేశారు. ఆ ఘనత ఆయనది, నేను లాక్కోను. మా అమ్మాయి స్కేలు తెచ్చుకుని, ప్రతి ముక్కనూ కొలిచి, సమానంగా లేనివాటిని పక్కకు తీసేశారు. "కొలత తప్పితే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది" అని ఉపన్యాసం. ఆ లెక్కన ఇంకో దుంప తరిగేలోగా నేను ఒక నిద్ర తీయవచ్చు. కానీ నాబ్ మీద చెయ్యుంది కదా!

"ఎలాగూ ఊరికే నిలబడ్డావుగా, ఆ ఉల్లిపాయలు చూడు."

చూశాను. మా ఇంట్లో చూడటమంటే తరగడం.

"ఆ ఖీమా కూడా ఓ కంట కనిపెట్టు."

కనిపెట్టాను. అంటే కడిగి, వేయించి, బీన్స్ కలిపి, అడుగంటకుండా దించడం. చేతులకు దుంపల తడి ఉందని మావారు ఫోన్ ముట్టుకోలేదు. మోచేత్తో వీడియో ఆపుతూ, తర్వాత ఏం చేయాలో పైకి చదువుతూ ఉన్నారు. నేను చేస్తూ ఉన్నాను. వంట మొత్తం ఆయనదే. చేతులు మాత్రం నావి.

సరిగ్గా అప్పుడే మా వదిన, అంటే మావారి అక్కయ్య, వీడియో కాల్ చేసింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. తమ్ముడి భుజం మీద తువ్వాలు చూసి ఆమె గుండె కరిగి నీరైపోయింది.

"అయ్యో, ఉన్న ఒక్క సెలవు రోజూ వీడి చేత వంట చేయిస్తున్నావా? మరి నువ్వేం చేస్తున్నావమ్మా?"

నేను చీజ్ తురుముతున్నాను.

"రెస్ట్ తీసుకుంటున్నా వదినా."

"పెట్టి పుట్టావు! మా ఇంట్లో మగాడు మంచినీళ్ళు కూడా ముంచుకు తాగడు."

ఫోన్ పెట్టేశాక మావారు నావైపు చూసిన చూపులో వినయం ఉంది. అంతటి వినయం గొప్ప పనులు చేసినవాళ్ళకే వస్తుంది.

చివరికి లోడింగ్ మొదలైంది. ఈ ఘట్టంలో ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పళ్ళెం ఎంత మోస్తుందో అంచనా వేసి, అందులో కొంత భద్రత కోసం తగ్గించి, ఫ్రైస్ పరిచారు. ఖీమా, బీన్స్, చీజ్, టమాటా, పచ్చిమిర్చి. పైన క్రీమ్. వేడి వేడిగా, కరకరలాడుతూ ఉంది! నిద్ర ఎలాగూ పోయింది, కనీసం ఒక్క వేడి ముక్కైనా నోట్లో పడుతుందనుకుని చెయ్యి చాచాను.

"అమ్మా! ముట్టుకోకు! ఫోటో!" అని అరిచింది మా అమ్మాయి.

మా ఇంట్లో ముందు ఫోన్ తినాలి, తర్వాత మనుషులు. వంటగదిలో వెలుతురు చాలదని పళ్ళెం హాల్లోకి వెళ్ళింది. అక్కడ కర్టెన్ నీడ పడుతోందని బాల్కనీలోకి వెళ్ళింది. నాన్నతో ఒకటి, నాన్న తువ్వాలుతో ఒకటి, నాన్న చిరునవ్వుతో ఒకటి. ఒక ఫోటోలో నా మోచెయ్యి పడిందని కత్తిరించేసింది. ఈలోగా చీజ్ గడ్డకట్టి, క్రీమ్ కారి, ఫ్రైస్ మెత్తబడి ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి. పోనీలెండి, మా ఇంట్లో అవైనా పడుకున్నాయి.

అందరం చుట్టూ కూర్చున్నాం. మావారు నా నోటివైపు చూస్తూ అడిగారు.

"ఎలా ఉంది?"

మీరే చెప్పండి, ఏమనాలి? బాగుందంటే, వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తారు. బాగాలేదంటే, బాగా వచ్చేదాకా ప్రతి ఆదివారం చేస్తారు! ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాబోయే ఆదివారాలన్నీ ఆ ఒక్క మెత్తటి ఫ్రై మీద ఆధారపడి ఉన్నాయి. సింకు నిండా గిన్నెలు. బయట ఎండ వాలిపోయింది. మర్నాడు పొద్దున్నే షాపు. నాకు ఏడుపొచ్చింది. "చూడవే, మీ అమ్మ కళ్ళల్లో నీళ్ళు!" అని మావారు పొంగిపోయారు.

అప్పుడు నా బుర్ర వెలిగింది.

"ఇంత రుచి మనమే తింటే కళ్ళు పోతాయండీ. పాపం మీ అక్కయ్య ఎంత మురిసిపోయారు! ఆవిడకు మాత్రం ఈ అదృష్టం వద్దా? వచ్చే ఆదివారం వాళ్ళింటికెళ్ళి చేసిపెట్టండి."

మావారు గంభీరంగా తలూపారు. "నిజమే. అక్కకు రెస్టే ఉండదు" అన్నారు.

మొన్న ఆదివారం తండ్రీకూతుళ్ళిద్దరూ స్కేలు పట్టుకుని బయలుదేరారు. తలుపు గడియ పెట్టాను. ఫ్యాను పెట్టాను. దిండు తిరగేసి చల్లటి వైపు చెంప ఆనించాను. అడిగేవాళ్ళు లేరు, చెప్పాల్సిన పని లేదు. ఆహా! ఒళ్ళంతా బరువెక్కి, ఎక్కడికో లోతుల్లోకి జారిపోతున్నాను. వదినకు మనసులోనే వెయ్యి దండాలు పెట్టుకున్నాను.

ఫోన్ మోగింది.

"పడుకున్నావా?"

"చెప్పండి."

"ఏం లేదు, నువ్వు పడుకో. అక్కా వాళ్ళింట్లో జీలకర్ర ఎక్కడుంటుంది?"

మంచం మీద లేచి కూర్చున్నాను.

"అది మీ అక్క ఇల్లండీ! మీ అక్క ఏదీ?"

ఆయన గొంతు బాగా తగ్గించారు. "గదిలో పడుకుంది. నేనే పడుకోమన్నా. పాపం, మంచి నిద్రలో ఉంది. అలా నిద్రపోయే మనిషిని లేపడానికి చేతులెలా వస్తాయి చెప్పు? అందుకే నీకు చేశా."

స్టవ్ పక్కన అలమరా, పై అర, కుడివైపు మూల, నీలం మూత డబ్బా. చెప్పేశాను. నాకెలా తెలుసంటారా? వాళ్ళింటికి చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడల్లా నేను రెస్ట్ తీసుకునేది ఆ వంటగదిలోనే.