పడిపోని వెబ్‌సైట్

ఆస్పత్రుల్లో క్యూ అనే అనాగరిక వ్యవస్థను ఆరోగ్య మంత్రిగారు ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు శాశ్వతంగా రద్దు చేశారు. ఇకపై ఎవరూ ఎక్కడా నిలబడనక్కర్లేదని, ఏ ఆపరేషన్‌కైనా ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్‌లో స్లాట్ తీసుకోవచ్చని, స్లాట్ లేనివాళ్ళను డాక్టర్లు చూడరాదని ప్రకటించి, వేదిక మీదున్న ఎర్ర బటన్ నొక్కారు. మంత్రిగారిది మాట తప్పని ప్రభుత్వం. సాయంత్రానికల్లా కంటి విభాగం ముందున్న బెంచీలన్నీ లారీ ఎక్కాయి.

ఆ వెబ్‌సైట్‌ను చూసుకునే కాంట్రాక్టు టెక్నీషియన్ని నేను. సాంకేతిక విభాగం అంటే నేనూ, నా కుర్చీ, తిరగాలనిపించినప్పుడు తిరిగే ఒక ఫ్యానూ. బటన్ నొక్కిన పదకొండో నిమిషంలో సైట్ పడిపోయింది.

మా శాఖ డైరెక్టర్‌గారు పిలిచి కారణం అడిగారు. ఉన్నమాట చెప్పాను. వర్చువల్ సర్వర్ అంటే ఎవరిదో పెద్ద కంప్యూటర్లో మనం ఒక మూల అద్దెకు తీసుకోవడం. మనం తీసుకున్నది ఆ కంపెనీ ఇచ్చేవాటిలో అన్నిటికన్నా చిన్న మూల. అందులో ఉన్న జాగాలో ముప్పాతిక మంత్రిగారి ఫోటోలే. పైగా సైట్ తెరవగానే ఆయన ప్రసంగం వీడియో దానంతటదే మొదలవుతుంది. నలుగురు రోగులు ఒకేసారి తెరిస్తే సర్వర్ చేతులెత్తేస్తుంది.

"పెద్దది తీసుకుంటే?" అన్నారు.

"ఏ ఇబ్బందీ ఉండదు సార్."

"నిధుల్లేవు. ప్రారంభోత్సవానికే అయిపోయాయి. ఇంకో దారి చెప్పు."

"ఆ వీడియో తీసేస్తే చాలు సార్."

డైరెక్టర్‌గారు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు. "ఈ మాట ఇంకెక్కడా అనకు. పెళ్ళాం పిల్లలున్నవాడివి," అన్నారు ఆప్యాయంగా.

తర్వాత ఆయన చూపిన కార్యదీక్ష గురించి ఎంత చెప్పినా తక్కువే. గంటకోసారి సర్వర్‌ను రీస్టార్ట్ చేయమన్నారు. చేసినట్టు రిజిస్టర్లో నా సంతకం, చూసినట్టు ఆయన సంతకం. అయినా పడిపోతుంటే, మనుషుల్లాగే దానికీ విశ్రాంతి కావాలని కనిపెట్టి, మధ్యాహ్నం భోజన విరామం, ఆదివారం సెలవు మంజూరు చేశారు. ఇవన్నీ పొందిన సర్వర్ సోమవారం పొద్దున్నే మళ్ళీ పడిపోయింది.

ఇక్కడ మా అత్తయ్య సంగతి చెప్పాలి. ఆవిడ దర్జీ. భర్త పోయాక ఒక్క కుట్టుమిషను మీద నా భార్యను పెంచి పెద్దచేసిన మనిషి. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. మూడు నెలల్లో ఆపరేషన్ చేయించకపోతే ముదిరిపోయి కష్టమవుతుందని కంటి డాక్టరు చెప్పిన మరుసటి వారమే క్యూ రద్దయింది. అల్లుడే సైట్ చూసుకుంటున్నాడు కదా అని ఆవిడ నిశ్చింతగా ఉంది. నాకు సిగ్గుగా ఉండేది. సర్వర్లో కొత్తగా ఒక్క పేరు రాయడానికి కూడా జాగా లేదని ఆవిడకు చెప్పలేకపోయాను.

ఒకరోజు తెగించి, మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తున్న నలభై మూడు ఫోటోల్లో ఒకటి తీసేశాను. పావుగంటలో మెమో వచ్చింది. ఫోటో మళ్ళీ ఎక్కింది. పాస్‌వర్డ్ డైరెక్టర్‌గారి సొరుగులోకి వెళ్ళింది.

ఆ తర్వాతి వారం ఆయన తెలివి నాకు పూర్తిగా అర్థమైంది. మంత్రిగారు రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ తన ఫోన్లో సైట్ తెరిచి చూసుకుంటారు. తెరుచుకోకపోతే మాకు ఫోన్ చేస్తారు.

"తెరిచాక దేన్నైనా నొక్కుతారా?" అని డైరెక్టర్‌గారు నన్నడిగారు.

రికార్డులు వెతికి చూశాను. ఒక్కసారీ నొక్కలేదు.

"అంటే కనిపించడమే కదా కావలసింది," అన్నారాయన.

ఆయన పక్కన నిలబడి పాస్‌వర్డ్ కొట్టగా, నేను వెబ్‌సైట్‌కి ఒక ఫోటో తీసి, వెబ్‌సైట్ తీసేసి, దాని చోట ఆ ఫోటో పెట్టాను. అందులో మంత్రిగారు నవ్వుతుంటారు, కింద 'స్లాట్ కోసం ఇక్కడ నొక్కండి' అని ఉంటుంది. ఎంత నొక్కినా ఏమీ కాదు. ఏమీ కాదు కాబట్టి పడిపోయే ప్రసక్తే లేదు.

ముప్పై రోజులు సైట్ ఒక్కసారి కూడా పడలేదు. స్లాట్ల కోసం ఒక్కరూ రాకపోవడంతో, మంత్రిగారి పాలనలో కంటిజబ్బులు అంతరించాయని పత్రికలు రాశాయి. అత్యంత స్థిరమైన వెబ్‌సైట్‌గా అవార్డు వచ్చింది. ఆ అవార్డు సభలో చూపించడానికి ఒక లబ్ధిదారు కావలసివచ్చారు. అప్పుడు డైరెక్టర్‌గారికి నేనెప్పుడో చెప్పుకున్న మా అత్తయ్య గుర్తొచ్చింది.

"ఆవిడకింకా ఆపరేషన్ కాలేదు సార్," అన్నాను.

"వేదికెక్కి ఒక్క ముక్క చెప్పమను. మర్నాడే స్లాట్ నా చేత్తో రాసిస్తాను."

గడువు ఇంకా నెలే ఉంది. అబద్ధం చెప్పడం అత్తయ్యకు ఇష్టం లేదు. నేనే బతిమాలాను.

సభ కిటకిటలాడింది. వేదికకు ఒక మూల మంత్రిగారి నిలువెత్తు కటౌట్, దాని మీద లైట్లు. అసలు మంత్రిగారు రెండో మూల మైకు దగ్గర నిలబడి, "ఇప్పుడు చూపెలా ఉందమ్మా?" అని అడిగారు.

అత్తయ్య వెలుతురు ఎక్కువగా ఉన్నవైపు తిరిగి, కటౌట్‌కి రెండు చేతులూ జోడించింది. "మీ దయవల్ల అంతా స్పష్టంగా కనిపిస్తోంది బాబూ," అంది.

సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ఆయన కూడా కటౌట్ వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

మర్నాడు ఆఫీసు తెరవకముందే డైరెక్టర్‌గారి గది ముందు నిలబడ్డాను. ఆయన సంతోషంగా లోపలికి పిలిచి, స్లాట్ పుస్తకం తీసి, పేరడిగి, పెన్ను ఆపారు. ఫైలు ఒకటి తిరగేశారు.

"ఈవిడకి ఆపరేషన్ అయిపోయినట్టుందే."

"అది సభ కోసం సార్. మీరే కదా..."

"మంత్రిగారి సమక్షంలో ఆవిడే చెప్పారు. ఫైల్లోకి ఎక్కింది. ఇప్పుడు నేను మళ్ళీ ఆపరేషన్ రాస్తే మొదటిది దొంగదని ఒప్పుకున్నట్టే." ఆయన నిజంగానే బాధపడ్డారు. "ఈ ఒక్కటి తప్ప ఏదైనా అడుగు," అన్నారు.

ఆ పూటకి సెలవు అడిగాను. పేపరు కొనుక్కుని ఇంటికొచ్చాను. అత్తయ్య మిషను ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది. నా అడుగుల చప్పుడు విని తల తిప్పింది.

"ఏమన్నారు బాబూ? స్లాటు ఎప్పటికిచ్చారు?"

పేపరు విప్పాను. మొదటి పేజీలోనే ఆవిడ ఫోటో ఉంది.

"మీ గురించి రాశారు అత్తయ్యా," అన్నాను. "చూపొచ్చిందని రాశారు."

"ఎవరికి?" అంది అత్తయ్య.